అద్దాల గదికి అడ్డమొచ్చిన చిక్కుడు పాదు

మా ఆయన పేరు నేను చెప్పను. రాయను కూడా. మొగుడి పేరు పెళ్ళాం నోటితో పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా వైపు నమ్మకం. నేనంతగా నమ్మను గానీ, అద్దాల గది కట్టిన ఏడు ఆయన మీద నాకున్న కోపానికి, పొరపాటున నోరు జారినా కావాలనే అన్నానని ఊరంతా అనుకునేది. అందుకని మరింత జాగ్రత్తగా ఉన్నాను. మా అత్త చెంచమ్మ కొడుకును పిలిచేటప్పుడు వినండి, ఆ పేరేమిటో మీకే తెలుస్తుంది.

ఆయన కూడా నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "ఎవురక్కడా!" అని కేకేసేవాడు, ఇంటి నిండా భటులున్నట్టు. ఉన్నది నేనూ, మా అత్త, ఒక బర్రె. బర్రె పలకదు, అత్తకు చెవుడు. ఇక పలికేది ఎవరో చెప్పనక్కర్లేదు.

మా ఊళ్ళో కరెంటు స్తంభాలు పాతి, కరెంటు ఇవ్వడం మరిచిపోయిన ఏడది. ఆశ్వయుజంలో మా ఆయన ఎవరో స్నేహితుడితో ఊటీ పోయి, అక్కడి సర్కారు తోటలో అద్దాల ఇల్లు చూసి వచ్చాడు. చలికి మొక్కలు చచ్చిపోకుండా అద్దాల లోపల పెంచుతారట. వచ్చేటప్పుడు నాలుగు పొట్లాల క్యాబేజీ విత్తనాలు, తల మీద ఒక మంకీ క్యాపు.

"ఒరే అబ్బయ్యా పద్మనాభా, ముందు కాళ్ళు కడుక్కోరా" అంది మా అత్త.

"కాళ్ళు యాడికీ పోవులే మా. అద్దాల గది కట్టాల. చలికాలం వొచ్చేస్తా ఉండాది" అన్నాడు.

చలికాలమట! నెల్లూరుకు తూర్పున, రాత్రిపూట సముద్రం హోరు వినపడేంత దగ్గర్లో ఉన్న ఊరు మాది. మా చలికాలమంటే కార్తీకంలో తుఫాను, మార్గశిరంలో మంచు, పుష్యంలో తెల్లవారుజామున ఒక దుప్పటి. పొద్దు బారెడెక్కేసరికి దుప్పటి పక్కన పడేసి విసనకర్ర వెతుక్కోవాలి. ఏడాది పొడుగునా ఎండకు ఏడ్చిన మొక్క ప్రాణం తెరిపిన పడేది ఆ కాసిని రోజులే. ఆ కాస్త చల్లగాలి కూడా తగలనీయకుండా మొక్కను పెట్టెలో పెట్టి ఉడకేస్తానంటే నాకు ఒళ్ళు మండదా?

మండినా అడిగేవాళ్ళు లేరు. కృష్ణపట్నం దగ్గర ఎవరిదో పాత బంగళా పడగొడుతుంటే కిటికీ అద్దాలన్నీ బండికెత్తుకొచ్చాడు. అందులో తెల్లవి కొన్ని, ఎర్రవి కొన్ని, పసుపువి కొన్ని. సరుగుడు కర్రలు పాతి, వాటికి అద్దాలు బిగించి, పెరట్లో గది లేపాడు. ఎర్ర అద్దం కింద నిలబడితే మా ఆయన కోపంగా ఉన్నట్టు కనిపించేవాడు, పసుపు అద్దం కిందికి జరిగితే కామెర్లు వచ్చినట్టు కనిపించేవాడు. ఊళ్ళోవాళ్ళు పనులు మానుకుని వచ్చి మరీ చూసిపోయారు.

నా పని నాకుంది. తుఫానుకు ఒరిగిన తాటాకు దడి నిలబెట్టుకున్నాను. మా ఇసక నేలలో నీళ్ళు నిలవవు, ఎరువు నిలవదు, అందుకని మేకల పెంట మోసుకొచ్చి మళ్ళు ఎత్తు చేసుకున్నాను. వంగనారు, మిరపనారు తీసి నాటాను. సొరపాదుకు పిందె దిగుతోంది. వీటన్నిటికీ పెద్ద, చిక్కుడు పందిరి.

ఆ చిక్కుడు విత్తనం మా అమ్మది. నన్ను కాపురానికి పంపేటప్పుడు చీరలు పెట్టలేదు, నగలు పెట్టలేదు. గుప్పెడు చిక్కుడు గింజలు నా కొంగున ముడేసి, "ఇవి పోగొట్టుకోకు మే" అంది. తర్వాతి ఏడు మా అమ్మ పోయింది. అప్పటినుంచి ప్రతి ఏడూ నాలుగు కాయలు ముదరనిచ్చి, గింజలు బూడిదలో కలిపి దాచి, తొలకరికి వేస్తాను. ఆ పాదు పూత పట్టి ఊదారంగుగా ఊగుతుంటే మా అమ్మ పెరట్లో తిరుగుతున్నట్టే ఉంటుంది నాకు. ఇందులో సిగ్గుపడేదేముంది, ఉన్న మాటే చెబుతున్నాను.

సరే. అద్దాల గదిలో క్యాబేజీ విత్తనాలు మొలిచాయి. మొలిచి, చుట్టూ చూసి, వాలిపోయాయి. పాపం, వాటికీ పరువుంటుంది కదా.

"చలి తగిలినట్టుండాది" అన్నాడు మా ఆయన, చెమట తుడుచుకుంటూ.

అద్దాల సందుల్లో గడ్డి కుక్కాడు. మిగిలిన మొలకలు కూడా వాలాయి. అయితే చలి బాగా ముదిరిందని లోపల కుంపటి పెట్టాడు. తను కూడా మంకీ క్యాపు పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు, మొక్కకు తోడుండాలట. ఒక ఝాము తర్వాత తడిసి ముద్దయి బయటికొచ్చాడు. మా అత్త ఆకాశం వైపు చూసి, "వానొచ్చిందా అబ్బయ్యా?" అని అడిగింది.

అప్పటికైనా బుద్ధి రావాలి కదా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. పెరడంతా కలియదిరిగి, చివరికి నేరం ఎవరి మీద మోపాడో తెలుసా? నా చిక్కుడు పందిరి మీద.

"చలికాలం పొద్దు దక్షిణంగా తిరుగుతాది. మన గదికి దక్షిణాన ఏముండాది? ఈ పందిరి. దీని నీడ పడబట్టే నా క్యాబేజీ చలికి చచ్చింది. కొట్టేస్తా" అని మచ్చుకత్తి తీశాడు.

నేను పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాను. కన్నీళ్ళు వచ్చాయి. మా అత్త చెవిటిదే గానీ కత్తి బాగా కనపడుతుంది ఆమెకు.

"ఒరే, రథసప్తమికి సూర్యుడికి పాయసం యాడ పెట్టేదిరా? చిక్కుడాకులో గదా! నీ అద్దంలో పెడతావా? ఆ దేవుడి ఆకు కొట్టేసి, ఆ దేవుడి ఎండే కావాలంటావా?" అని నిలదీసింది.

ఆ మాటకు ఆయన కాస్త తగ్గాడు. పంచాయతీ సమితివాళ్ళు ఆ ఏడు ఊరూరా పెరటి తోటలు చూసి, మంచి తోటకు గేటుకు కొట్టుకునే బోర్డు బహుమతిగా ఇస్తామన్నారు. చూడటానికి గ్రామసేవకుడు హెబ్రోను గారు ఆ నెలలోనే రావాలి. "ఆయన చదువుకున్నోడు. ఆయన అద్దాల గది పనికిరాదంటే పందిరి ఉంటాది. బాగుందంటే మాత్రం ఆ రోజే కొట్టేస్తా. ఇంక నాకెవురూ అడ్డం పడొద్దు" అన్నాడు మా ఆయన. మచ్చుకత్తిని దాచలేదు. పందిరి గుంజకే గుచ్చి పెట్టాడు, రోజూ నాకు కనపడేటట్టు.

హెబ్రోను గారు వచ్చేసరికి గదిలో ఒక్క మొక్కయినా ఉండాలి కదా. విత్తనాలన్నీ అయిపోయాయి. అందుకని ఒకరోజు పొద్దున్నే మా ఆయన సంచి చంకన పెట్టుకుని నెల్లూరు బస్సెక్కాడు, కూరగాయల మార్కెట్లో ముదిరిన క్యాబేజీలు కొనుక్కొచ్చి కుండీల్లో పాతిపెడతాడట! వేళ్ళు లేవు కదండీ అంటే, "గ్రామసేవకుడు పీకి చూస్తాడా ఏంది" అన్నాడు. ఊటీ వెళ్ళొచ్చినవాడితో వాదించగలమా?

ఆయన అటు వెళ్ళగానే ఇటు ముసలమ్మ వచ్చింది. పేరుకే ముసలమ్మ, నాకంటే చిన్నది. సముద్రపు ఒడ్డు పల్లె నుంచి మాకు చేపలు తెచ్చేది. మార్గశిరం వచ్చినా ఆ ఏడు ముసురు వదల్లేదు. గంప దించి గొల్లుమంది.

"ఇందిరమ్మక్కా, నెత్తళ్ళు బాగా పడ్డాయి, ఏం లాభం? ఇసకలో ఎండేస్తే వాన, ఎత్తితే ఎండ. ఇంకో పూటయితే పురుగు పడతాది. మీ అద్దాలాయన గది కాళీగా ఉండాదంట గదా..."

వాళ్ళ పల్లెలో మా ఆయన్ను అందరూ అద్దాలాయన అనే అంటారట. నేను గది వైపు చూశాను. వాన పడదు, గాలి దూరదు, కుంపటి ఎటూ ఉంది. ఆ గది పుట్టినప్పటినుంచి దానికి తగిన పని అదొక్కటే కనపడింది నాకు. "కానీ" అన్నాను.

ఇద్దరం కలిసి ఈత చాపలు పరిచి నెత్తళ్ళు ఆరబోశాం. అడ్డంగా తాళ్ళు కట్టి పెద్ద చేపల్ని వేలాడదీశాం. మధ్యాహ్నానికి ఎండ కాసింది. ఇక చూడండి, లోపల చేపలు గలగలలాడుతూ ఎండుతుంటే, బయట ఊళ్ళో పిల్లులన్నీ చేరి, అద్దాలకు ముక్కులానించి వరసగా కూర్చున్నాయి. వాటిని తోలడానికి నేను ముందు గుమ్మం దగ్గరున్న చీపురు అందుకున్నానో లేదో, సైకిలు గంట మోగింది.

"నమస్కారమమ్మా. నా పేరు హెబ్రోను. గ్రామసేవకుణ్ణి. రేపు రావాల్సింది, ఈ పొద్దే పని కుదిరింది" అన్నాడు. సన్నగా, పొడుగ్గా, ఎర్రగా పండిన టమాటాను చూసినా కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడే మనిషి.

ఇంట్లో మగవాళ్ళు లేరు. అత్త పక్కవీధిలో బాలింతను చూడటానికి పోయింది. గది నిండా చేపలు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. తలుపు చాటున నిలబడి, "ఆయన నెల్లూరు పొయ్యినాడండి" అన్నాను.

"పరవాలేదమ్మా, తోట చూసి పోతా. ముందు పేరు రాసుకుంటా. ఇంటాయన పేరేంది?"

నేను చీపురు వైపు చూశాను. ఆయన మళ్ళీ అడిగాడు. నేను చీపురు పుల్లలు లెక్కపెడుతూ నిలబడ్డాను. అప్పటికి ఆయనకు అర్థమైంది.

"ఓహో, పేరు చెప్పరా? సరే, ఏదైనా గుర్తు చెప్పండి, నేనే కనుక్కుంటా."

"విష్ణుమూర్తి పేరండి" అన్నాను.

"నారాయణ గారా?"

"కాదండి. పాము మీద పడుకోనుంటాడు చూడండి."

"రంగయ్య గారు!"

"ఆయన కూడా కాదండి. పడుకున్నాయన బొడ్డులోనుంచి పువ్వొస్తాది గదా..."

హెబ్రోను గారు చాలాసేపు ఆలోచించాడు. నుదుటి మీద చెమట పట్టింది. "పువ్వు... కాలీఫ్లవరా అమ్మా?" అన్నాడు చివరికి.

పెరట్లో గదిలోనుంచి ముసలమ్మ పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వేసి, "బైబిల్లో పేరు అడగండమ్మా, తడుముకోకుండా చెప్తా. ఇది నా వల్ల కాదు" అన్నాడు. "ఏమ్మా, నీకు తెలుసా ఇంటాయన పేరు?" అని ముసలమ్మను అడిగాడు.

"అద్దాలాయన" అంది ముసలమ్మ.

అది బోర్డు మీద రాసే పేరు కాదు కదా. పేరు సంగతి తర్వాత చూద్దామని పెరట్లోకి నడిచాడు. వంగ మడి చూశాడు, మిరప చూశాడు, పెంట ఎక్కడి నుంచి తెచ్చారని అడిగాడు. సొరపాదు దగ్గర ఆగి, "ఎంత బాగా దిగిందమ్మా పిందె!" అని వేలు పెట్టి చూపించాడు.

"అయ్యో, వేలు మడవండి! వేలు మడవండి!" అని అరిచాను. వేలు చూపిస్తే పిందె కుళ్ళిపోతుందని తెలియదా ఈయనకు? చదువుకున్నవాడట! బెదిరిపోయి వేలు మడిచాడు. ఆ తర్వాత ఏది చూపించాలన్నా గుప్పిట బిగించి చూపించాడు, తోటలో ఎవరినో గుద్దబోతున్నట్టు. చిక్కుడు పందిరి దగ్గర మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

పందిరి నిండుగా ఉంది. పూత, పిందె, కాయ, మూడూ ఒకే తీగ మీద వేలాడుతున్నాయి. "ఒక్క ఆకుకైనా పేనుబంక లేదే! ఏం చల్లుతారమ్మా?" అని అడిగాడు.

"పొయ్యిలో బూడిదండి. మంచు ఆరకముందే చల్లాల. విత్తనం మా అమ్మదండి" అన్నాను. ఆయన అడక్కపోయినా ఆ చివరి మాట నా నోటికొచ్చింది.

అప్పుడు గుంజకు గుచ్చిన మచ్చుకత్తి చూశాడు. "ఇదేంది?" అన్నాడు. చెబితే మొగుడి మీద పితూరీ అవుతుంది. చెప్పకపోతే పందిరి పోతుంది. ఏం చేయను చెప్పండి?

అద్దాల గది తలుపు తీసి లోపలికి తొంగి చూశాడు. ఎర్ర అద్దం కింద ముసలమ్మ చేపలు తిరగేస్తోంది. సందు దొరికిందని పిల్లులు ఆయన కాళ్ళ మధ్యలోనుంచి దూరబోయాయి. ఆయన తలుపు మూసి చాలాసేపు నవ్వు ఆపుకున్నాడు. "ఎండబెట్టేదానికి ఇంత శుభ్రమైన ఏర్పాటు నేను యాడా చూళ్ళేదమ్మా" అన్నాడు.

వెళ్ళబోతూ మళ్ళీ పేరు దగ్గరికొచ్చాడు. "ఈ మళ్ళు కట్టింది ఎవురమ్మా?"

"నేనేనండి."

"పెంట మోసింది?"

"నేనే."

"పందిరేసింది, బూడిద చల్లింది?"

"నేనే."

"మరింక నాకు విష్ణుమూర్తితో పనేముంది? మీ పేరు చెప్పండి చాలు."

నా పేరు నా నోటితో అని ఎన్నాళ్ళయిందో. "ఇందిరమ్మ" అన్నాను. ఎవరో పక్కింటావిడ పేరు చెబుతున్నట్టు వినపడింది నాకే.

చీకటి పడ్డాక మా ఆయన క్యాబేజీల సంచితో దిగాడు. అప్పటికి ముసలమ్మ చేపలెత్తుకుని వెళ్ళిపోయింది. వాసన మాత్రం తీసుకుపోలేదు. హెబ్రోను గారు వచ్చి పోయాడని తెలిసి లబలబలాడాడు.

"ఏమన్నాడు? గది చూసినాడా? ఏమన్నాడు?"

"ఎండకు బాగుందన్నాడు" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ఆయన గాల్లో తేలిపోయాడు, చేపల వాసన కూడా ముక్కుకు తగల్లేదు. "చూసినావా! చదువుకున్నోడికి తెలుస్తాది. మొక్క లేకపోయినా గది గొప్ప కనిపెట్టినాడు. బోర్డు మనకే. బోర్డు గేటుకు కొట్టిన చేత్తోనే పందిరి కొట్టేస్తా" అన్నాడు. నా నోటితో నేనే పందిరికి ఎసరు పెట్టుకున్నట్టయింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు. మా అత్త మాత్రం క్యాబేజీ ముందేసుకుని కూర్చుని, ఒక్కో ఆకూ వలిచి చివరిదాకా వెతికి, "ఆకులే గదరా అబ్బయ్యా, కూరగాయ యాడ?" అని కొడుకును తిట్టింది.

పుష్యంలో హెబ్రోను గారు సైకిలు వెనక బోర్డు కట్టుకుని వచ్చాడు. మా ఆయన ముందే ఊరంతా చాటాడు కాబట్టి వాకిట్లో జనం. మా అత్తకు పీట వేశారు. మా ఆయన మచ్చుకత్తిని గుంజ నుంచి పీకి పక్కన పెట్టుకున్నాడు. నేను తలుపు చాటున నిలబడి, కనీసం గింజలకు నాలుగు ముదురు కాయలైనా కోసుకోనిమ్మని అడగాలని మాటలు కూడబలుక్కుంటున్నాను.

మా ఆయన బోర్డుకు చుట్టిన కాగితం విప్పి, గొంతు సవరించుకుని, దాన్ని పైకెత్తి అందరికీ వినపడేటట్టు మొదలుపెట్టాడు. "ఆదర్శ పెరటి తోట. శ్రీమతి..." అని ఆగిపోయాడు.

"ఏందిరా, చదువు!" అంది మా అత్త.

"శ్రీమతి ఇం..."

"గట్టిగా చదవరా, వినపళ్ళా!"

"శ్రీమతి ఇందిరమ్మ గారు" అన్నాడు, గొంతులో ఎండుచేప ముల్లు ఇరుక్కున్నట్టు.

"ఎవురు?"

"ఇందిరమ్మ! ఇందిరమ్మ మా!" అని అరిచాడు. వాకిట్లో జనం గొల్లున నవ్వారు. పెళ్ళయి అన్నేళ్ళయినా ఆయన నోట నా పేరు నేను వినడం అదే మొదలు. తలుపు చాటున నాకు చెవులు వేడెక్కాయి.

"పొరపాటు పడినట్టున్నారండి. తోట నాది. గది కూడా నాదే" అన్నాడు హెబ్రోను గారితో.

"మీ పేరు ఎవురూ చెప్పలేదండి, నేనూ చాలా తంటాలు పడినా" అన్నాడు హెబ్రోను గారు. "గది సంగతంటారా, చేపలెండేదానికి దానికి మించింది లేదు. కానీ బోర్డు ఇచ్చింది చిక్కుడు పందిరికి. వచ్చే నెల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడోళ్ళను తీసుకొస్తా, అమ్మ చూపిస్తాది. ఆ కత్తి మాత్రం తీసేయండి, ఎవురికన్నా తగిలేను."

"చేపలా?" అన్నాడు మా ఆయన. దడి అవతల నుంచి ముసలమ్మ, "అవునయ్యా అద్దాలాయనా, మళ్ళీ వాన పడితే తెస్తా!" అని కేకేసింది.

అయినా బోర్డు మా ఆయనే గేటుకు కొట్టాడు, వంకర లేకుండా, రెండుసార్లు వెనక్కి జరిగి చూసుకుని మరీ.

మర్నాడు పొద్దున మంచు ఆరకముందే నేను పందిరి కింద బూడిద చల్లుతున్నాను. ఆయన మచ్చుకత్తి పట్టుకుని వచ్చాడు. ఆయన పందిరి చుట్టూ తిరిగి, గది వైపు జారిన ఒక తీగను పట్టుకుని, కొయ్యకుండా నిలబడ్డాడు.

"ఎవురక్కడా" అన్నాడు, అలవాటు కొద్దీ, నెమ్మదిగా. "ఈ ఒక్క తీగ కొయ్యొచ్చా?"

"తోట ఎవురిదో గేటు మీద రాసుండాది. ఆమెను అడగండి" అన్నాను, ఆయన వైపు తిరక్కుండా.

ఆయన గేటు దాకా పోలేదు. తీగను వదలకుండా కాసేపు నేల చూశాడు, దడి చూశాడు, వినేవాళ్ళెవరూ లేరని చూసుకున్నాడు. "ఇందిరమ్మా" అన్నాడు.

నాకు వినపడింది. చాలా బాగా వినపడింది. అయినా పలక్కుండా బూడిద చల్లుతూ నిలబడ్డాను, ఇంకొక్కసారి పిలుస్తాడేమోనని.

పిలిచాడు.